డిక్కీ మీది మోనోగ్రామ్ పీకే ముందు దాని కింద ఏముందో చూడండి

కారు వెనకాల మెరిసే అక్షరాలన్నిటినీ మనం ఒకే మాటతో మోనోగ్రామ్ అంటాం. స్పేర్ పార్టుల దుకాణంలోనూ అదే మాట నడుస్తుంది. తీసేయాలా, ఉంచాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం అవన్నీ ఒకటి కావు. కంపెనీ గుర్తు వేరు, మోడల్ పేరు వేరు, వీఎక్స్ఐ, జడ్ఎక్స్ఐ లాంటి వేరియంట్ అక్షరాలు వేరు. సీఆర్‌డీఐ, డీడీఐఎస్ (ఈ రెండూ డీజిల్ ఇంజన్ల గుర్తులు), హైబ్రిడ్ అంటూ లోపలి ఇంజన్ సంగతి చెప్పే బిళ్ల మరీ వేరు. ఒక్కోటి ఒక్కో తీరుగా అతుక్కుని ఉంటుంది. ఒక్కోదాన్ని చదివే మనిషి కూడా వేరు.

నున్నటి డిక్కీ చూడ్డానికి బాగుంటుంది, అందులో అనుమానం లేదు. జడ్చర్ల, నాగర్‌కర్నూల్ వైపు చెల్క దారుల్లో తిరిగే బండికి అక్షరాల సందుల్లో ఎర్రదుమ్ము పేరుకుని, ఎంత కడిగినా ఓ గీత మిగిలే బాధ కూడా తప్పుతుంది. కాబట్టి తీయాలనుకోవడం తప్పేమీ కాదు. మూడు విషయాలు చూడకుండా చెయ్యి పెడితేనే ఈ పని చెడుతుంది. ఆ బిళ్ల ఎవరికి ఏం చెబుతోంది? దాని వెనక పిన్నులు ఉన్నాయా? దాని చుట్టూ ఉన్నది కంపెనీ రంగా, రిపేరు షెడ్డులో వేసిన రంగా? ఈ మూడూ తేలితే మిగిలిందంతా ఓపిక పనే.

ఆర్టీఓ, పోలీసుల భయం

చాలామంది మొదట అడిగేది ఇదే గనుక ముందే తేల్చేద్దాం. మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో రాసి ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ మీద ఇచ్చిన తీర్పు గట్టిగానే ఉంది. అయితే ఆర్సీలో ఉండేవి తయారీదారు పేరు, మోడల్, ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, ఇంధనం, రంగు, బాడీ రకం, సీట్ల సంఖ్య లాంటివి. డిక్కీ మీద అతికించిన ప్లాస్టిక్ అక్షరం పోయినంత మాత్రాన వీటిలో ఏదీ మారదు. బీమా పాలసీ కూడా ఛాసిస్ నంబరును, పాలసీలో రాసిన వేరియంట్‌ను పట్టుకుని నడుస్తుంది. సర్వేయరు డిక్కీ మీది అక్షరాలను చూసి క్లెయిము కట్టడు. నంబరు ప్లేటు ముట్టుకోనంత కాలం మోడల్, వేరియంట్ అక్షరాలు తీయడం మీ ఇష్టం.

ఉన్నది తీయడం వేరు, లేనిది అతికించడం వేరు. కింది వేరియంట్ మీద పై వేరియంట్ అక్షరాలు పెట్టి అమ్మకానికి పెడితే అది కొనేవాణ్ని మోసం చేయడమే. ఆ బిళ్లలు దుకాణాల్లో కొన్ని వందల రూపాయలకు దొరుకుతాయి. అందుకే సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు డిక్కీ చూసి వేరియంట్ నమ్మకూడదు. ఆర్సీలోని మోడల్ వరస చదివి, ఛాసిస్ నంబరుతో సర్వీసు సెంటరులో కనుక్కుంటే అసలు సంగతి తెలుస్తుంది.

ఎవరు చదువుతారు

వేరియంట్ అక్షరాలతో రోజువారీ పని ఎవరికీ లేదు. మెకానిక్ బానెట్ ఎత్తితే చాలు, అతనికి తెలిసిపోతుంది. స్పేర్ పార్టులు ఛాసిస్ నంబరు మీద వస్తాయి. కాబట్టి తీయదగ్గ వాటిలో ఇవే మొదటివి. మోడల్ పేరుదీ దాదాపు అదే లెక్క.

డీజిల్ బిళ్ల దగ్గర మాత్రం ఆగాలి. పెట్రోలు బంకులో నాజిల్ తీసే కుర్రాడు మీ మాట వినకముందే డిక్కీ చూస్తాడు. ఒకే మోడల్ పెట్రోల్లోనూ డీజిల్లోనూ వచ్చినప్పుడు వెనక నుంచి అతనికి కనిపించే గుర్తు ఆ బిళ్ల ఒక్కటే. పెట్రోలు నాజిల్ సన్నంగా ఉంటుంది కాబట్టి డీజిల్ ట్యాంకు మూతిలో సులువుగా దూరిపోతుంది, అడ్డుపడదు. కామన్ రైల్ డీజిల్ ఇంజన్లలో హైప్రెషర్ పంపుకు, ఇంజెక్టర్లకు కందెన డీజిలే. దాంట్లో పెట్రోలు కలిస్తే ఆ జిడ్డు పోయి పంపు లోపల లోహం లోహానికి రాసుకుంటుంది. రాలిన పొడి ‘కామన్ రైల్’ అనే ఇంధన పైపు గుండా ఇంజెక్టర్లలోకి చేరుతుంది. అప్పుడు ట్యాంకు, పైపులు, పంపు, ఇంజెక్టర్లు అన్నీ విప్పాల్సి వస్తుంది. ఎప్పుడైనా ఇలా పడిందని తెలిస్తే తాళంచెవి తిప్పకండి. ఇగ్నిషన్ ఆన్ చేసినా కొన్ని బండ్లలో ట్యాంకులోని పంపు తిరగడం మొదలవుతుంది. న్యూట్రల్‌లో పక్కకు నెట్టించి ట్యాంకు ఖాళీ చేయించాలి.

కాబట్టి డీజిల్ బిళ్ల తీసేవాళ్లు అదే రోజు ట్యాంకు మూత తలుపు లోపలి వైపు, మూత తీయగానే కంటపడేలా ‘డీజిల్’ అని తెలుగులో ఒక స్టిక్కరు అంటించాలి. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన కార్లలో ముందు అద్దానికి లోపలి వైపు ఇంధనాన్ని చెప్పే రంగు స్టిక్కరు ఉంటుంది. డీజిల్‌కు నారింజ, పెట్రోల్‌కూ సీఎన్‌జీకీ లేత నీలం. కానీ బంకులో వెనక నిలబడ్డ మనిషికి అది కనిపించదు. దాన్ని నమ్ముకోకండి.

ఇక ముట్టుకోకూడనివి సీఎన్‌జీ, హైబ్రిడ్ గుర్తులు. బ్యాటరీ కారుకు ఆకుపచ్చ నంబరు ప్లేటు ఉంటుంది, దూరం నుంచే తెలుస్తుంది. ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ లాంటి వాటికి మాత్రం మామూలు తెల్ల ప్లేటే. లోపల హై వోల్టేజి బ్యాటరీ, నారింజ రంగు కేబుళ్లు ఉన్నాయని బయటికి చెప్పేది ఆ చిన్న బిళ్లే. 65వ నంబరు జాతీయ రహదారి మీద చిట్యాల దగ్గరో, 44వ నంబరు రహదారి మీద కొత్తకోట దగ్గరో అర్ధరాత్రి బండి బోల్తాపడితే, రేకు కోసి మనుషుల్ని బయటికి తీసేవాళ్లకు ఆ గుర్తు అవసరం. డిక్కీలో గ్యాస్ సిలిండరు ఉన్న బండిదీ ఇదే సంగతి. అందం కోసం దీన్ని తీయడం సరికాదని గట్టిగానే చెప్పాలి.

కంపెనీ గుర్తును కూడా అలాగే వదిలేయడం మేలు, కారణం వేరు. ముందు గ్రిల్లులో ఉండే గుర్తు చాలావరకు టేపుతో కాదు, క్లిప్పులతో నిలుస్తుంది. తీస్తే గుంటో, బొక్కో మిగులుతుంది. ముందు బండికి దూరం కొలిచి తానే వేగం తగ్గించే సదుపాయం ఉన్న కొన్ని మోడళ్లలో రాడార్ ఆ గుర్తు వెనకాలే ఉంటుంది. ఆ గుర్తు మీద నల్లరంగు కొట్టినా, ఫిల్మ్ అంటించినా రాడార్ పనితీరు చెడుతుంది. వెనక గుర్తు కూడా కొన్ని కార్లలో పనిముట్టే. ఫోక్స్‌వ్యాగన్ పోలోలో దాన్ని నొక్కి లాగితేనే డిక్కీ తెరుచుకుంటుంది. కొన్నిట్లో రివర్స్ కెమెరా దాని కింద దాక్కుని ఉంటుంది.

రంగు కింద రంగు

మోనోగ్రామ్ ఊడదీశాక అక్షరాల ఆకారం రేకు మీద మిగిలిపోవడమే అందరూ భయపడే సంగతి. దాన్ని ఒకే జబ్బుగా చూస్తే మందు తప్పుతుంది. అందులో నాలుగు రకాలున్నాయి.

మొదటిది మురికి గీత. ఏళ్ల తరబడి అక్షరం అంచున పేరుకున్న దుమ్ము, పాత మైనం, షాంపూ మడ్డి. ఇది క్లే బారుతో (మురికిని లాగేసే మెత్తటి ముద్ద), సన్న పాలిష్‌తో పూర్తిగా పోతుంది.

రెండోది ఎత్తు తేడా. కంపెనీ రంగు మొత్తం మందం దాదాపు 100 నుంచి 140 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). అందులో పైన మెరిసే క్లియర్ పొర 35 నుంచి 50 మైక్రాన్లు. ఏళ్లుగా కడిగిన గుడ్డ, చేసిన పాలిష్ అక్షరాల చుట్టూ ఈ పొరను కొద్దికొద్దిగా అరగదీస్తాయి, అక్షరం కింద మాత్రం కొత్తగానే ఉంటుంది. ఎదురుగా నిలబడితే కనిపించదు గానీ సాయంత్రం వాలు ఎండలో పక్కనుంచి చూస్తే అక్షరం తేలుతుంది. పాలిష్‌తో చాలావరకు తగ్గుతుంది.

మూడోది రంగే వెలిసిపోవడం. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండ సంగతి మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మే నెలలో నీడ లేని చోట నిలిపిన ముదురు రంగు కారు రేకు 70 డిగ్రీల దాకా కాగుతుంది. వేడికి తోడు అతినీలలోహిత కిరణాలు రంగు రేణువులనే విరగ్గొడతాయి. ఎరుపు అన్నిటికన్నా ముందు దెబ్బతింటుంది. వెండిరంగు మీద తేడా దాదాపు కనపడదు. నలుపు వెలవదు గానీ చిన్న గీతను కూడా దాచదు. వెలిసిన రంగును ఏ పాలిష్ తిరిగి తేలేదు.

ఇక్కడ నంబరు ప్లేటు ఒక తేలిక లెక్క చెబుతుంది. ఏపీ 24 (నల్లగొండ), ఏపీ 22 (మహబూబ్‌నగర్) అని ఉన్న బండి 2014 జూన్ ముందుది. అంటే పదేళ్లకు పైగా ఎండ తిన్నది. టీఎస్ 05, టీఎస్ 06 అయితే 2014 నుంచి 2024 మధ్యది. టీజీ 05, టీజీ 06 అంటే 2024 మార్చి తర్వాతిది, దాని మీద వెలిసిన జాడ గురించి దిగులే అక్కర్లేదు. పాత బండి అయినా వెంటనే నిరాశ పడకండి. ఎండ తీవ్రంగా తగిలేది పైకప్పుకు, బానెట్‌కు. డిక్కీ తలుపు నిలువుగా ఉంటుంది కాబట్టి మనం భయపడినంతగా వెలవదు. సెడాన్ కార్ల డిక్కీ పైభాగం పడుకున్నట్టు ఉంటుంది గనుక అక్కడే తేడా ఎక్కువ.

తీయకముందే తెలుసుకోవాలంటే ఒక పరీక్ష ఉంది. డిక్కీ తెరిచి, రబ్బరు బీడింగుకు లోపలి అంచున ఉన్న రంగును శుభ్రంగా తుడవండి. అది పుట్టినప్పటి నుంచి ఎండ చూడలేదు. బయట అక్షరాల పక్కన ఓ చేతివెడల్పు చోటు క్లే పట్టి తుడిచి రెండూ పోల్చండి. లోపలి అంచు మీద క్లియర్ పలచగా ఉంటుంది కాబట్టి మెరుపు కాదు, రంగు పోల్చాలి. నీడలో నిలబడి చూసినా తేడా తెలిసిపోతుంటే అక్షరాల కింది రంగు కూడా అలాగే ఉంటుంది, తీశాక పేరు అక్కడే ఉంటుంది. అలాంటి బండికి ఈ పని వద్దు.

నాలుగో రకం అన్నిటికంటే చెడ్డది. అది ఎండ వల్ల వచ్చేది కాదు, షెడ్డులో పుట్టేది. వెనక నుంచి ఎవరో గుద్దాక డిక్కీకి టింకరింగ్ చేసి రంగు వేస్తారు. వేసేటప్పుడు మోనోగ్రామ్ తీయడానికి బద్దకించి మాస్కింగ్ టేపు వేసి చుట్టూ కొట్టేస్తారు. బయటికి అంతా బాగానే ఉంటుంది. లోపల మాత్రం అక్షరం కింద పాత రంగు, చుట్టూ కొత్త రంగు, మధ్యలో గట్టు. కంపెనీ రంగును 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. షెడ్డు రంగు 60 డిగ్రీల దగ్గరో, మామూలు గాలికో ఆరుతుంది. కింద పుట్టీ, సరిగా రుద్దని పాత పొర ఉంటే టేపుతో పాటు రంగు పొరలు పొరలుగా లేచి వస్తుంది.

దీన్ని కనిపెట్టడానికి సెల్‌ఫోన్ లైటు చాలు. అక్షరం పక్కనుంచి, రేకుకు ఆనించినట్టు లైటు పట్టి అక్షరం అంచు చూడండి. క్రోము అంచు మీద రంగు తుంపర సన్నని ఇసుకలా అంటి ఉందా? అక్షరానికీ రేకుకూ మధ్య కనిపించే నల్లటి ఫోము టేపు అంచుకు బండి రంగు తగిలి ఉందా? రేకు మీద అక్షరం చుట్టూ వెంట్రుకంత గట్టు గోటికి తగులుతోందా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా అది మాస్కింగ్ వేసి కొట్టిన రంగే. ఫ్రిజ్ మీద పెట్టే పలుచటి అయస్కాంతం డిక్కీ ఇనప రేకు మీద ఒక చోట పట్టి ఇంకో చోట జారిపోతే అక్కడ పుట్టీ మందంగా ఉందని అర్థం. ఆ డిక్కీ జోలికి వెళ్లకండి.

పిన్నులు

చాలా కార్లకు వేరియంట్ అక్షరాలు కేవలం డబుల్ సైడ్ ఫోము టేపుతోనే నిలుస్తాయి. కొన్నిటికి మాత్రం సరైన చోట కూర్చోడానికి వెనక రెండు చిన్న ప్లాస్టిక్ పిన్నులు, వాటికి రేకులో 3 నుంచి 5 మి.మీ. బొక్కలు ఉంటాయి. పెద్ద గుర్తులకు, పొడవాటి క్రోము పట్టీలకు ఇది మామూలే. డిక్కీ లోపలి ప్లాస్టిక్ ప్యానెల్ క్లిప్పులు ఊడదీసి వెనక నుంచి చూస్తే పిన్ను కొనలు కనిపిస్తాయి. దుకాణంలో అదే కొత్త మోనోగ్రామ్ తీయించి వెనక్కి తిప్పి చూసినా సరే.

పిన్ను ఉంటే వదిలేయడమే మంచిది. బొక్క తెరిచి ఉంటే వాన నీళ్లు డిక్కీ తలుపు లోపలికి దిగి అడుగు మడతలో నిలుస్తాయి, అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. పుట్టీతో పూడిస్తే డిక్కీ మూసిన ప్రతిసారీ తగిలే అదురుకు కొన్నాళ్లలో గుండ్రటి గీత పడి ఊడుతుంది. వెల్డింగ్ పెడితే రేకు వెనక తుప్పు నివారించే పొర కాలిపోతుంది. వెనక మళ్లీ ప్రైమరు, మైనం కొట్టకపోతే తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. ఆ తర్వాత డిక్కీ మొత్తానికి రంగు, మెటాలిక్ రంగైతే పక్క ప్యానెళ్లలోకి కలపడం కూడా. రెండు అక్షరాల కోసం మంచి కంపెనీ రంగును పోగొట్టుకోవద్దు. ఎవరైనా ముందే తీసేసి బొక్కలు వదిలేసిన బండి మీ చేతికి వస్తే, సరైన కొలత రబ్బరు గ్రోమెట్ (బొక్కను మూసే బిరడా) కొని బిగించి నీళ్లు ఆపండి. అది చూడ్డానికి అంత బాగుండకపోయినా తుప్పు కంటే నయం.

తీసే పద్ధతి

ఇక్కడిదాకా అన్నీ సరిపోయాయి, టేపుతోనే ఉంది, కంపెనీ రంగే ఉంది అనుకుందాం. నాలుగైదు అక్షరాల బిళ్లకు గంట నుంచి గంటన్నర పడుతుంది. అక్షరాలు ఊడేది పావుగంటలో. మిగిలిన సమయమంతా జిగురుకే.

ముందు కడగాలి, అదీ జాగ్రత్తగా. అక్షరాల కింది టేపును కోసేది సన్న దారంతో, సందుల్లోని ఇసుక ఆ దారంతో పాటు కదిలి రంగును గీరుతుంది. మెత్తటి పళ్ల బ్రష్షుతో షాంపూ నురగ పట్టించి సందులు తోమండి. హుజూర్‌నగర్, మేళ్లచెరువు, వాడపల్లి చుట్టుపక్కల సిమెంటు లారీల వెనక తిరిగే బండ్లకు మరో పని ఉంది. సిమెంటు దుమ్ము మంచుకు తడిసి అక్షరాల మూలల్లో రాయిలా గడ్డకడుతుంది. దాన్ని గోకితే రంగు పోతుంది. తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి దూదితో రెండు నిమిషాలు నాననిచ్చి బాగా కడిగేయండి, అవసరమైతే మరోసారి. బోరు నీళ్లు ఎండకు ఆరితే తెల్ల మచ్చలు పడతాయి కాబట్టి కడిగిన వెంటనే తుడవాలి.

పని నీడలోనే. ఎండకాలంలో పొద్దున్నే ఓ అరగంట డిక్కీని ఎండవైపు తిప్పి ఉంచితే టేపు మెత్తబడడానికి ఆ వేడి చాలు, తర్వాత నీడకు తీసుకురండి. మధ్యాహ్నం చేయొద్దు. జిగురు కరిగించే మందు కాగిన రేకు మీద క్షణంలో ఆరిపోయి మరకవుతుంది. చలికాలంలో హెయిర్ డ్రయ్యర్ తప్పదు. జానెడు దూరం నుంచి ఒక్కో అక్షరానికి ఒకటి రెండు నిమిషాలు, ఒకే చోట ఆపకుండా. రేకు మీద చెయ్యి పెడితే ఐదు లెక్కపెట్టేలోగా తీసేయాలనిపించాలి, అది సుమారు 55 డిగ్రీలు. అంతకు మించి అక్కర్లేదు. షెడ్డులో వాడే హీట్ గన్ వందల డిగ్రీల గాలి కొడుతుంది. దాంతో రంగు బుడగలు లేస్తుంది, పక్కనున్న ప్లాస్టిక్ గార్నిష్ (అలంకార పట్టీ) వంకరపోతుంది.

అక్షరాల చుట్టూ మాస్కింగ్ టేపు రెండు వరసలు వేయండి. అంతకు ముందే ఫొటో తీసి, డిక్కీ అంచు నుంచి, లైటు అంచు నుంచి అక్షరం ఎంత దూరంలో ఉందో మి.మీ.లలో రాసుకోండి. ఇది ఎందుకో చివర్లో తెలుస్తుంది.

దారం 0.3 నుంచి 0.4 మి.మీ. నైలాన్ గాలం దారం. మూరెడు ముక్క కోసి రెండు కొనలూ చిన్న పుల్లలకు చుట్టుకుంటే వేళ్లు తెగవు. పళ్ల ఫ్లాస్ కూడా పనిచేస్తుంది గానీ మాటిమాటికీ తెగుతుంది, రెండు పోగులు పేని వాడండి. ఇంట్లో ఉంది కదా అని పతంగి మాంజా మాత్రం ముట్టుకోవద్దు. దాని మీది గాజుపొడి క్లియర్‌ను రంపంలా కోసేస్తుంది.

అక్షరం ఒక మూల దగ్గర దారం దూర్చి, రేకుకు కాకుండా అక్షరం వైపు ఒత్తిడి ఉండేలా కొద్దిగా మీవైపు లాగుతూ, రంపం లాగినట్టు అటూ ఇటూ ఆడించండి. ఫోము మధ్యకు చీలుతూ వస్తుంది. సగం తెగాక మిగతాది చేత్తో పీకాలనిపిస్తుంది. ఆగండి. అప్పుడు బలమంతా ఒక అంగుళం రంగు మీద పడుతుంది. చివరిదాకా దారమే వెళ్లాలి. మధ్యలో దారం గట్టిగా ఆగిపోయి కదలకపోతే అది పిన్ను. అక్కడితో ఆపి, వేడి చేసి మళ్లీ నొక్కి పెట్టేయండి. స్క్రూడ్రైవరు, పుట్టీ బ్లేడు, కత్తి ఏ దశలోనూ వద్దు.

అక్షరాలు పోయాక రేకు మీద ఫోము పొర మిగిలిపోతుంది. వెచ్చగా ఉండగానే బొటనవేలితో ఒక అంచు నుంచి దొర్లిస్తే చాలావరకు ఉండలు కట్టి వస్తుంది. ఇది ఓపిక పని, వేలు నొప్పిపుడుతుంది, అయినా రంగుకు ఇంతకంటే భద్రమైన పనిముట్టు లేదు. మిగిలిన జిడ్డుకు స్టిక్కరు రిమూవరో, టర్పెంటైనో గుడ్డకు తడిపి ఐదు నిమిషాలు దాని మీద కప్పి ఉంచి, ఆ తర్వాత తుడవండి. మూడు నాలుగు విడతలు పడుతుంది. డ్రిల్లుకు తగిలించే రబ్బరు చక్రం తొందరగా చేస్తుంది గానీ ఒకే చోట రెండు సెకన్లు ఆగినా కాలుస్తుంది. ప్లాస్టిక్ బంపరు మీద అసలే వద్దు.

థిన్నర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే షెడ్డులో మొదట చేతికిచ్చేది అదే. కాల్చిన కంపెనీ రంగు కాసేపు తట్టుకుంటుంది. షెడ్డు రంగును మాత్రం థిన్నర్ కరిగిస్తుంది, నల్ల గార్నిష్ మీద పడితే తెల్లబారుతుంది. వెనక లైటు అద్దం మీద థిన్నర్ గానీ స్పిరిట్ గానీ కారితే సాలెగూడులా సన్న పగుళ్లు వస్తాయి, అవి ఇక పోవు. అందుకే లైట్ల మీద ముందే తడి గుడ్డ కప్పి ఉంచండి. పెట్రోలు వాడడం కూడా మానేయాలి, పక్కనే డ్రయ్యర్ ఉన్నప్పుడు మరీను.

జిగురు పోయాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిస్తే నూనె పోయి అసలు రంగు కనిపిస్తుంది. తర్వాత షాంపూ నీళ్లు చల్లుతూ క్లే బారు. ఆ తర్వాత పాలిష్, అదీ సన్నరకం. అరచేయంత చోటు తీసుకుని చేత్తో రెండు మూడు సార్లు పట్టించి, పక్కనుంచి లైటు వేసి చూడండి. జాడ పోకపోతే మందం రబ్బింగ్ కాంపౌండ్ అందుకోవద్దు. సన్న పాలిష్ ఒకటి రెండు మైక్రాన్లు తీస్తుంది. కాంపౌండు మెషీనుతో అదే చోట రుద్దితే క్లియర్ సగం పోవచ్చు. ఎండను అడ్డుకునే గుణం ఆ పొరలోనే ఉంది. ఇవాళ మెరుస్తుంది, కొన్ని ఎండకాలాలు గడిచాక అక్కడే పొలుసులు లేస్తుంది. కొద్దిపాటి జాడ మిగిలితే ఊరుకోవడం తెలివి. కింది రంగు కొత్తది, బయటి ఎండ తగిలేకొద్దీ తేడా కొంత తగ్గుతుంది. చివర మైనం పూత ఒకటి.

సిరామిక్ కోటింగో, పారదర్శక ఫిల్మో వేయించే ఆలోచన ఉంటే మోనోగ్రామ్ పని దానికి ముందే అయిపోవాలి. కోటింగ్ అయ్యాక తీస్తే అక్షరాల కింద ఖాళీ జాగా మిగిలి, నీళ్లు పడినప్పుడల్లా ఆ చోటు వేరుగా తడుస్తుంది.

తీసిన అక్షరాలను పారేయకండి. పాత మోడళ్లకు అసలు కంపెనీ మోనోగ్రామ్ దొరకడం కష్టమవుతుంది. డీడీఐఎస్ బిళ్ల ఉన్న స్విఫ్టే చూడండి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్లు ఆపేసింది కాబట్టి అలాంటి బండి కొనేవాడు ఆ అక్షరాల కోసమే వస్తాడు. వెనక మిగిలిన ఫోమును కూడా తీసేసి, అక్షరాలను వరస చెడకుండా ఒక అట్టముక్క మీద మాస్కింగ్ టేపుతో అంటించి కవర్లో పెట్టండి. తిరిగి పెట్టాలంటే కారుకు వాడే ఫోము టేపు, అందాజుగా ఒక మిల్లీమీటరు మందానిది, అక్షరం ఆకారానికి కోసి అంటించాలి. స్పిరిట్‌తో తుడిచిన పొడి రేకు మీద, రాసుకున్న కొలతల ప్రకారం మాస్కింగ్ టేపు గీత వేసి, ఒక్కో అక్షరాన్ని అర నిమిషం నొక్కి పట్టాలి. ఆ టేపు పట్టు ఇరవై నిమిషాల్లో సగం, ఒక రోజులో 90 శాతం, పూర్తిగా రావడానికి 72 గంటలు. మూడు రోజులు ఆ చోట ప్రెషర్ గన్‌తో కడగనివ్వకండి. కొలతలు, ఫొటో తీసిన తేదీ ఆ కవరు మీదే రాసి, ఆర్సీ కాపీ, సర్వీసు పుస్తకం ఉండే చోట పెట్టండి.